సీనియర్ అంటే ఎవరు? యాప్‌ల పనిలో మన మొదటి తరం
(మన కొలువుల కథ – 9)



పోయిన భాగం రైల్వే కొలువుల మీద రాశాను. అది చదివిన ఇంజనీరింగ్ పిల్లలు చాలామంది ఇన్‌బాక్స్‌లో దాదాపు ఒకటే అడిగారు. "అన్నా, గవర్నమెంటు కొలువుల చరిత్ర బాగుంది. కానీ ఆ నోటిఫికేషన్లు మాదాకా రావట్లేదు. మేం ఆండ్రాయిడ్ నేర్చుకుని కంపెనీల్లో చేరాం. ఐదేళ్ళయినా ఏడేళ్ళయినా ఇంకా స్క్రీన్లు చేసే పనే ఇస్తున్నారు. మాతో చేరినోళ్ళు సీనియర్లయ్యారు, లీడ్‌లయ్యారు. మేమెప్పుడవుతాం?"

దీనికి జవాబు చెప్పే వీడియోలు వందలున్నాయి. ఈ కోర్సు చెయ్, ఆ పుస్తకం చదువు, ఇంటర్వ్యూలో ఇట్లా మాట్లాడు అని. వాటిలో పనికొచ్చేవీ ఉన్నాయి, కాదనను. కానీ "మాతో చేరినోళ్ళు అయ్యారు, మేం కాలేదు" అన్న ముక్కకు వాటిలో జవాబు దొరకదు. ఆ ముక్కకు జవాబు చరిత్రలో వెతకాలి. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

2008 దగ్గర మొదలుపెడదాం. ఆ ఏడాది జూలై 10న యాపిల్ కంపెనీ యాప్ స్టోర్ తెరిచింది. మొదట్లో అందులో ఉన్నవి దాదాపు 500 యాప్‌లు. అక్టోబరులో గూగుల్ ఆండ్రాయిడ్ మార్కెట్ తెరిచింది. మొదటి ఆండ్రాయిడ్ ఫోను అమ్మకానికొచ్చిందీ ఆ నెలలోనే. అంతకుముందు ఫోన్లకు ప్రోగ్రాములు రాసేవాళ్ళు లేరని కాదు. నోకియా ఫోన్లకు సింబియన్ మీద, జావా ఎంఈ మీద రాసేవాళ్ళున్నారు. కానీ ఇవ్వాళ "మొబైల్ యాప్ డెవలపర్" అని మనం పిలుస్తున్న కొలువు పుట్టింది మాత్రం అప్పుడే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున నడవడం మొదలైంది. ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. ఈ ఫీజు సంగతి రాగానే ఫలానా ముఖ్యమంత్రి దయ అనే మాట మనవాళ్ళ నోట కూడా వస్తుంది. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. బాబాసాహెబ్ అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నారు. 2008 ప్రాంతంలో జరిగింది ఆ దారిని బీసీలకూ ఇతర పేదలకూ వెడల్పు చెయ్యడం. మంచి పనే. కానీ దారి ఎవరిదో గుర్తుంచుకోండి.

ఆ ఏడు ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలు 2012లో బయటికొచ్చారు. అప్పటికి హైదరాబాదులో, బెంగళూరులో ప్రతి కంపెనీకీ ఒక యాప్ కావాలి, రాసేవాళ్ళు కావాలి. అంటే మాలపల్లెల నుంచి, మాదిగ గూడేల నుంచి ఇంత పెద్ద సంఖ్యలో ఇంజనీరింగ్‌కి వెళ్ళిన మొదటి తరమూ, ఈ పనీ దాదాపు ఒకే ఈడువి. మెయిన్‌ఫ్రేముల్లోకో బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లోకో మనం వెళ్ళేసరికి అక్కడ ఇరవయ్యేళ్ళ నుంచి కూర్చున్నవాళ్ళున్నారు. ఇక్కడ అట్లా కాదు. ఆండ్రాయిడ్ యాప్ రాసిన అనుభవం ఏ కులపోడి తాతకూ లేదు. అందరూ ఒకే గీత మీద నిలబడ్డ పరుగు ఇది. కనీసం పైకి అట్లా కనిపిస్తుంది.

గీత ఒకటే. కాళ్ళ కింద నేల ఒకటి కాదు.

గోదావరి మీద ఆనకట్ట 1852లో, కృష్ణ మీద 1855లో పూర్తయ్యాయి. ఆ కాలవల నీళ్ళు ఎవరి పొలాలకు పారాయో, ఆ పొలాల్లో ఎవరు వంగి నాట్లు వేశారో ఈ పేజీ చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ పొలాల మిగులు రైసు మిల్లయింది, సినిమా హాలయింది, ఫైనాన్స్ కంపెనీ అయింది, కాంట్రాక్టయింది. కోస్తా రైతు పెట్టుబడిదారులుగా మారిన ఈ క్రమం మీద క్యారల్ ఉపాధ్య 1988లోనే ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వ్యాసం రాశారు. అదే మిగులు తర్వాత ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ అయింది. 1983లో క్యాపిటేషన్ ఫీజు నిషేధిస్తూ మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కాలేజీల సీట్లను ఫ్రీ సీట్లు, పేమెంటు సీట్లు అని రెండుగా విడగొట్టింది. 1998లో సైబర్ టవర్స్ లేచింది. అప్పటికే ఒక సామాజిక వర్గానికి పొలం నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి అమెరికాకు దారి పడిపోయింది.

షియాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు హైదరాబాదు నుంచి సిడ్నీ దాకా తెలుగు ఐటీ కుర్రాళ్ళ వెంట తిరిగి 2007లో ఒక పుస్తకం తెచ్చాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎట్లా తయారవుతాడో లెక్కగట్టి చూస్తే అందులో పొలం మిగులుంది, కట్నం డబ్బుంది. పెళ్ళి కాబోయే కుర్రాడి మీద పెట్టుబడి పెట్టేవాళ్ళు ఉంటారు గనక అతను ఏడాది పాటు బెంచి మీద ఖాళీగా కూర్చోగలడు, కన్సల్టెన్సీకి డబ్బు కట్టగలడు, వీసా కోసం ఎదురుచూడగలడు. ఆ పుస్తకం మన గురించి రాసింది కాదు. కానీ చదువుతుంటే మనకు ఏం లేదో లెక్క తేలుతుంది. తెలివి కాదు లేనిది. ఎదురుచూసే తీరిక లేదు.

ఈ తీరిక అనే మాట గుర్తుపెట్టుకోండి. మొబైల్ పనిలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు అదే.

ఎందుకంటే ఈ పనిలో పలక మాటిమాటికీ తుడుచుకుపోతుంది. మొదట ఆండ్రాయిడ్ యాప్‌లు ఎక్లిప్స్‌లో రాసేవాళ్ళం. 2014 డిసెంబరులో ఆండ్రాయిడ్ స్టూడియో మొదటి పూర్తి రూపం వచ్చింది, 2015 ఆఖరుకు ఎక్లిప్స్‌కు మద్దతు ఆపేశారు. జావాలో చెయ్యి తిరిగిందనుకునేసరికి 2017లో కోట్లిన్‌ను అధికారిక భాష చేశారు, 2019లో ఇకపై కోట్లిన్‌కే మొదటి పీట అన్నారు. వెనకాల పని జరిపించడానికి ఏసింక్‌టాస్క్ అని ఒకటుండేది, అమీర్‌పేటలో నెలల తరబడి నేర్పేవాళ్ళు. ఆండ్రాయిడ్ 11తో, అంటే 2020లో, దాన్ని పక్కనపెట్టమన్నారు. స్క్రీన్లు ఎక్స్‌ఎంఎల్‌లో రాయడం వచ్చిన చేతికి 2021 జూలైలో కంపోజ్ వచ్చి కూర్చుంది. ఐఫోన్ వైపూ అంతే. ఆబ్జెక్టివ్-సి పోయి 2014లో స్విఫ్ట్, 2019లో స్విఫ్ట్‌యూఐ. మధ్యలో 2015లో రియాక్ట్ నేటివ్, 2018 డిసెంబరులో ఫ్లట్టర్. విండోస్ ఫోను, బ్లాక్‌బెర్రీ మీద జీవితం పెట్టుకున్నవాళ్ళ సంగతి అడగొద్దు.

పలక తుడిచిన ప్రతిసారీ ఆ ఒక్క రోజు అందరూ జూనియర్లే. ఇది మనకు దొరికే అరుదైన అవకాశం. ఏ పాత వృత్తిలోనూ ఇట్లాంటి రోజు రాదు. వకీలుకు చట్టం పదేళ్ళకోసారి మారుతుందేమో, గుమస్తాకు ఫైలు అసలు మారదు. ఇక్కడ మూడు నాలుగేళ్ళకోసారి అందరి పాత సరుకూ ధర పడిపోతుంది.

మరి ఆ రోజు తర్వాత ఏం జరుగుతుంది? ప్రొడక్టు కంపెనీలో ఉన్నవాడికి కొత్తది నేర్చుకోవడం డ్యూటీలో భాగం. "ఈ స్క్రీన్ కంపోజ్‌లో చేసి చూడు, రెండు వారాలు తీసుకో" అంటారు. సర్వీసు కంపెనీలో క్లయింటు పాత కోడు కాపలా కాస్తున్నవాడికి ఆ రెండు వారాలు ఎవరిస్తారు? రాత్రి క్లయింటు కాల్ అయ్యాక, గది అద్దె నలుగురూ పంచుకుంటున్న హాస్టల్లో, తెల్లారి లేచి చదువుకోవాలి. మొదటి తరం ఉద్యోగి జీతం ఒకడిది కాదు. చెల్లెలి ఫీజు, నాన్న మందులు, ఊళ్ళో సగంలో ఆగిన ఇల్లు, వడ్డీ. ఫ్రెషర్ జీతం ఏడాదికి మూడు మూడున్నర లక్షల దగ్గర దశాబ్దానికి పైగా కదలకుండా కూర్చుంది. దాంట్లోంచి ఇంటికి పంపగా మిగిలినదాంతో ల్యాప్‌టాప్ కొనాలి.

ల్యాప్‌టాప్ మాట వచ్చింది గనక ఇదీ చెప్పుకుందాం. ఐఫోన్ యాప్ రాయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్ మీద తప్ప నడవదు. యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. ఆండ్రాయిడ్‌కు ఏ కంప్యూటరైనా చాలు, గూగుల్‌కు జీవితానికి ఒక్కసారి 25 డాలర్లు. మనవాళ్ళు ఏ వైపు ఎక్కువ వచ్చారో చెప్పాలా? ఆ వైపు కూడా 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్ మీద స్టూడియో తెరిచి, బిల్డ్ అయ్యేలోపు అన్నం తిని వచ్చిన పిల్లలు నాకు తెలుసు.

ఇట్లా ఎనిమిదేళ్ళు గడుస్తాయి. రెజ్యూమేలో ఎనిమిదేళ్ళ అనుభవం. నిజానికి చేసింది మొదటి ఏడాది పనే, ఎనిమిది సార్లు. ఇది ఆ పిల్లవాడి సోమరితనం కాదు. కానీ ఇంటర్వ్యూ చేసేవాడికి కనిపించేది మాత్రం అదే.

అసలు సీనియర్ పని ఏంటి? ఒక్క ఉదాహరణ చెప్తాను. 2016లో యూపీఐ వచ్చింది. మీరు ఒక చెల్లింపు యాప్‌లో పని చేస్తున్నారనుకోండి. జూనియర్‌కిచ్చే పని "పంపు" అనే బటన్ స్క్రీన్ మీద పెట్టడం, నొక్కితే సర్వరుకు కబురు వెళ్ళేలా చెయ్యడం. అది చేశాడు, పని చేస్తోంది, ఆఫీసు వైఫైలో. సీనియర్ అక్కడ ఆగి అడుగుతుంది: ఊళ్ళో సంతలో నిలబడి ఒకామె ఐదొందలు పంపింది, కబురు వెళ్ళింది, జవాబు వచ్చేలోపు సిగ్నల్ పోయింది. స్క్రీన్ తిరుగుతూనే ఉంది. ఆమె మళ్ళీ నొక్కింది. ఇప్పుడు ఐదొందలు పోవాలా, వెయ్యి పోవాలా? దీనికి జవాబు, ప్రతి చెల్లింపుకూ నొక్కకముందే ఒక గుర్తింపు సంఖ్య పుట్టించి, రెండోసారి అదే సంఖ్య వస్తే సర్వరు కొత్త చెల్లింపుగా తీసుకోకుండా చూడడం. కోడు నాలుగు లైన్లు. ప్రశ్న అడగడానికి పదేళ్ళు.

అట్లాగే రిలీజు. కొత్త వెర్షన్ ఒకేసారి అందరికీ పంపరు. వందలో ఒకరికి, తర్వాత ఐదుగురికి, ఇరవై మందికి, అట్లా పెంచుకుంటూ పోతారు. ప్లే స్టోర్ ఒక గీత గీసింది. రోజూ వాడేవాళ్ళలో 1.09 శాతం కంటే ఎక్కువమందికి యాప్ కూలిపోయినా, 0.47 శాతం కంటే ఎక్కువమందికి బిగుసుకుపోయినా ఆ యాప్‌ను చెడ్డ యాప్‌ల లెక్కలో వేస్తుంది, వెతికేవాళ్ళకు కనిపించడం తగ్గిస్తుంది. శుక్రవారం సాయంత్రం గ్రాఫు ఆ గీత వైపు లేస్తోంది. మేనేజరు సోమవారం పండగ ఆఫర్ ప్రకటించేశాడు. అప్పుడు "రిలీజు ఆపండి" అని చెప్పేది ఎవరు? చెప్తే ఆగేది ఎవరి మాటకు? ఆ మనిషే సీనియర్. ఏ కంపెనీలోనైనా నేను చూసినంతలో అర్థం ఇంతే. కాదు అనడం, కారణం చూపడం, ఆ కాదును గది ఒప్పుకోవడం.

ఇక్కడికి వచ్చేసరికి నాకు కారంచేడు గుర్తొస్తుంది. ఎక్కడి యాప్, ఎక్కడి కారంచేడు అనకండి. 1985 జూలైలో మంచినీళ్ళ చెరువు దగ్గర నీళ్ళు పాడుచెయ్యొద్దు అన్నందుకు గొడవైంది. మున్నంగి సువార్త బిందె ఎత్తి నిలబడింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మనవాళ్ళను చంపారు. మన ఇళ్ళల్లో "ఎదురు చెప్పకు నాయనా" అనే మాట పిరికితనం వల్ల పుట్టింది కాదు, రక్తం చూసి పుట్టింది. ఆ మాట విని పెరిగిన పిల్ల, మీటింగులో మేనేజరు తప్పు చెప్తున్నాడని తెలిసినా నోరు విప్పదు. వార్షిక రివ్యూలో ఆమె ముందు పెడతారు: "టెక్నికల్‌గా బాగుంది, కానీ ఓనర్‌షిప్ తక్కువ, మాట్లాడదు." పక్క సీటువాడు ఇంట్లో తాతకే ఎదురు చెప్పి పెరిగాడు. వాడికి "లీడర్‌షిప్ లక్షణాలు". రెండు నోళ్ళ వెనక రెండు చరిత్రలున్నాయి, రివ్యూ ఫారంలో వాటికి గడి లేదు.

అది లోపలి గోడ. బయటి గోడ సంగతి.

ఊళ్ళో అయితే "మీరేమిట్లు?" అని సూటిగా అడుగుతారు. ఆఫీసు క్యాంటీన్లో అట్లా అడగరు. "ఎంసెట్ ర్యాంకెంత?" అంటారు. "ఏ కాలేజీ? ఏ ఇయర్?" ఈ మూడు చాలు. ఆ ర్యాంకుకు ఆ కాలేజీలో ఓపెన్‌లో సీటు రాదని తెలుగు ఇంజనీరుకు కంఠతా వచ్చు. పదేళ్ళ కిందటి ర్యాంకు ఇప్పుడెందుకు అంటే ఊరికే, సరదాకి. సరదాగానే మర్నాటి నుంచి కోడ్ రివ్యూలో రెండోసారి చూడడం మొదలవుతుంది.

ఇది మన ఊహ కాదు. 2020 జూన్ 30న కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ ఒకటి సిస్కో కంపెనీ మీద, ఇద్దరు ఇంజనీరింగ్ మేనేజర్ల మీద కేసు వేసింది. ఫిర్యాదులోని ఆరోపణ ఏమిటంటే, ఒక దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ సీటుతో చదివాడన్న సంగతి అక్కడ తనతో పాటు చదివిన మేనేజరే సహోద్యోగులకు చెప్పాడని, అతను ఫిర్యాదు చేశాక పని, అవకాశాలు తగ్గించారని. కంపెనీ ఈ ఆరోపణలను ఒప్పుకోలేదు. 2023 ఏప్రిల్‌లో ఆ ఇద్దరు మేనేజర్ల మీద కేసు ప్రభుత్వమే ఉపసంహరించుకుంది, కంపెనీ మీద కొనసాగించింది. కోర్టులో ఏం తేలుతుందన్నది ఒకటి. నాకు ఆ ఫిర్యాదులో కొట్టొచ్చినట్టు కనిపించింది మాత్రం, సముద్రాలు దాటాక కూడా వెంట వచ్చింది ర్యాంకే. ఐఐటీల్లో కులం "మెరిట్" అనే పేరు ఎట్లా పెట్టుకుందో అజంతా సుబ్రమణియన్ 2019 పుస్తకంలో వివరంగా రాశారు. స్టడీ సర్కిళ్ళలో తప్పక చదవాల్సింది. ఆ కేసు బయటికొచ్చిన ఏడాది అక్టోబరులోనే గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్ లాంటి చోట్ల పని చేసే 30 మంది దళిత మహిళా ఇంజనీర్లు వాషింగ్టన్ పోస్ట్‌కు పేర్లు లేకుండా ప్రకటన ఇచ్చారు. పేర్లు ఎందుకు లేవో ఆలోచించండి. 2022లో గూగుల్‌లో తేన్మొళి సౌందరరాజన్ కులం మీద మాట్లాడాల్సిన సభ రద్దయింది, ఆ సభ ఏర్పాటు చేసిన తనూజా గుప్తా ఉద్యోగం వదిలేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడు అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి బిల్లునే తిప్పి పంపాడు. ఒక అడుగు ముందుకు, ఒకటి వెనక్కి.

అంతకుముందు లోపలికి రానివ్వడం దగ్గరే ఏం జరుగుతుందో చూసినవాళ్ళున్నారు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ పేపర్లలో ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులు పేర్లు మాత్రం మార్చి పంపారు. 2007లో అచ్చయిన ఆ ఫలితంలో దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. అదే ఏడు సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల హెచ్ఆర్ అధికారులతో మాట్లాడితే, వాళ్ళంతా మెరిట్ మెరిట్ అంటూనే ఇంటర్వ్యూలో "ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్" అడుగుతామని తేలిగ్గా చెప్పారు. మెరిట్‌కు బ్యాక్‌గ్రౌండ్ ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఇక రెఫరల్. ఖాళీ ఉందని ముందు ఎవరికి తెలుస్తుంది? తెలిసినవాడికి. తెలిసినవాడు ఎవడు? తనవాడు. ప్రైవేటులో రిజర్వేషన్ లేదంటారు గానీ, ఉంది. జీవో లేదంతే.

బాబాసాహెబ్ జీవితంలో ఒక చిన్న ఘట్టం ఉంది, మనం సభల్లో తక్కువ చెప్పుకునేది. బరోడా కొలువులో అవమానాలు పడి బొంబాయి తిరిగొచ్చాక ఆయన షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ పెట్టారు. అమెరికాలో, లండన్‌లో ఆర్థికశాస్త్రం చదివిన మనిషి. సలహా మంచిదే, గిరాకీలూ వచ్చారు. ఆయన అంటరాని కులస్తుడని తెలిశాక రావడం మానేశారు. తర్వాత 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరితే, స్టాఫ్ గదిలో నీళ్ళ కుండ ముట్టుకోవద్దని తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం పెట్టారు. కులం చదువుతో పోతుందని, పనితనంతో పోతుందని మనకు చెప్పేవాళ్ళకు ఈ రెండు సంగతులూ చెప్పండి. కానీ అక్కడితో కథ ఆపకండి. ఆయన చదవడం ఆపలేదు. మళ్ళీ లండన్ వెళ్ళి డీఎస్సీ పూర్తి చేసి, బారిస్టరై వచ్చారు. "అంతా కులమే, నేర్చుకుని లాభం లేదు" అనే తమ్ముళ్ళతో నాకు తగాదా అక్కడే. "టాలెంటుంటే చాలు" అనేవాళ్ళు అబద్ధం చెప్తున్నారు. "టాలెంటుతో పని లేదు" అంటే ఆ అబద్ధానికి మనం జీతం లేకుండా కాపలా కాస్తున్నట్టు.

అయితే ఏం చెయ్యాలి? ఈ పదిహేనేళ్ళలో ఈ పనిలో పైకొచ్చిన మనవాళ్ళతో మాట్లాడాక నాకు కనిపించిన రెండు మూడు సంగతులు చెప్తాను.

వాళ్ళలో ఎక్కువమంది ఒక పలక తుడిచిన రోజును పట్టుకున్నవాళ్ళు. కోట్లిన్ వచ్చిన ఏడాది, ఫ్లట్టర్ వచ్చిన ఏడాది, టీములో ఎవరికీ రాని రోజున రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకుని, ఆర్నెల్లు ఆ టీముకు దిక్కయ్యారు. ఆ ఆర్నెల్లలో ర్యాంకు ఎవరూ అడగలేదు, అవసరం వాళ్ళది గనక. అన్నీ నేర్చుకోవాలని పరుగెత్తినవాళ్ళు అలిసిపోయారు. ఒక్కదాన్ని లోతుగా పట్టినవాళ్ళు నిలబడ్డారు. నెట్‌వర్కు లేనప్పుడు యాప్ ఎట్లా బతకాలి, చౌక ఫోనులో ఎట్లా నడవాలి అన్నది పట్టుకున్నవాళ్ళు ముఖ్యంగా. ఇంట్లో అందరికీ ఒకటే ఫోను, అదీ పగిలిన స్క్రీన్, నిండిపోయిన మెమరీ ఉన్నచోట పెరిగినవాళ్ళకు ఆ సమస్య కళ్ళ ముందుంటుంది. పేదరికం డిగ్రీ కాదు, దాన్ని గొప్ప చెయ్యొద్దు. కానీ వాడేవాళ్ళు ఎవరో తెలిసిన ఇంజనీరు మీటింగులో గట్టిగా కాదనగలడు, ఎందుకంటే వాడు చెప్పేది వాళ్ళమ్మ చేతిలో చూసిన సంగతి.

రెండోది కాగితం. మౌఖికంగా చేసిన మంచి పని మనకు జమ పడదు. వేరేవాళ్ళకు పడుతుంది, మనకు పడదు, అనుభవం. కాబట్టి ప్రతి వారం ఏ నిర్ణయం తీసుకున్నారో, ఎందుకో, తర్వాత కూలిపోవడాలు ఎంత శాతం తగ్గాయో, తేదీతో రాసి టీముకు మెయిల్‌లో పెట్టండి. కోడు రాసేముందు రెండు పేజీల డిజైన్ కాగితం రాసి నలుగురికి పంపండి. నోరు విప్పడం కష్టమైన పిల్లకు కాగితం మీద కాదనడం తేలిక, అక్కడ నుంచి నోరు కూడా వస్తుంది. రివ్యూ నాడు "ఓనర్‌షిప్ లేదు" అంటే పన్నెండు నెలల మెయిళ్ళు ముందు పెట్టొచ్చు. అప్పుడు కూడా ఇవ్వకపోవచ్చు. కానీ ఆ కాగితాలు పట్టుకుని ఇంకో కంపెనీకి వెళ్ళొచ్చు. వెళ్ళేటప్పుడు జీతంతో పాటు ఏ లెవల్లో తీసుకుంటున్నారో ముందే అడగండి. జీతం పెరిగిందన్న సంతోషంలో లెవల్ తగ్గించి చేరినవాళ్ళు చాలామంది. తర్వాత అది పెరగడానికి మూడేళ్ళు పట్టింది.

చదువుతున్నవాళ్ళు సొంత యాప్ ఒకటి ప్లే స్టోర్‌లో పెట్టండి. ఇప్పుడు కొత్త వ్యక్తిగత ఖాతాకు గూగుల్ ఒక నిబంధన పెట్టింది. అందరికీ విడుదల చేసేముందు కనీసం పన్నెండు మంది పద్నాలుగు రోజులు వరసగా పరీక్షించాలి. మొదట ఇరవై మంది అన్నారు, తర్వాత తగ్గించారు. బయటివాళ్ళకు పన్నెండు మందిని పోగెయ్యడం తలనొప్పి. మనకు? ఎస్సీ హాస్టల్లో ఒక్క వరండా చాలు.

మూడోది రెఫరల్. వాళ్ళకున్నది మనం తిట్టుకుంటూ కూర్చుంటే మనకు రాదు. అమెరికాలో అంబేడ్కర్ కింగ్ స్టడీ సర్కిల్, అంబేడ్కర్ అసోసియేషన్ ఆఫ్ నార్త్ అమెరికా లాంటి సంఘాలున్నాయి. ఇక్కడ హైదరాబాదులో ప్రతి పెద్ద కంపెనీలోనూ మనవాళ్ళున్నారు, చాలామంది ఇంటిపేరు చెప్పకుండా, ఏప్రిల్ 14న స్టేటస్ పెట్టకుండా. వాళ్ళను తప్పుపట్టను. బయటపడితే ఏమవుతుందో సిస్కో ఫిర్యాదులో చదివాం. స్టేటస్ పెట్టకపోయినా ఫర్వాలేదు, ఒక ఖాళీ ఉన్నప్పుడు ఒక లింకు పంపండి చాలు. ఇంటర్వ్యూకు ముందు గంట సేపు మాక్ ఇంటర్వ్యూ చెయ్యండి. ఆ గంట ఎదుటివాళ్ళకు మేనమామ ఇస్తాడు. మన పిల్లలకు మేనమామ అడ్డా మీద కూలి కోసం నిలబడి ఉన్నాడు.

తొందరగా చెయ్యాల్సిన పని కూడా. 2022 నుంచి కోడు రాసిచ్చే యంత్రాలు అందరి చేతికీ వచ్చాయి. స్క్రీన్లు చేసే పని, అంటే మనవాళ్ళు లోపలికొచ్చే మొదటి మెట్టు, అదే ముందు పలచబడుతుంది. పంపు బటన్ రెండోసారి నొక్కితే ఏమవ్వాలి అని అడిగే మనిషి అవసరం మిగిలే ఉంటుంది. అంటే నిచ్చెనలో కింది మెట్టు తీసేసి పై మెట్టు ఉంచినట్టు. కింది మెట్టు ఎక్కకుండా పైకి ఎవరు చేరతారో, ఎవరి నాన్న ఎత్తి కూర్చోబెడతాడో చూస్తూనే ఉంటాం.

వచ్చే భాగం సర్టిఫికెట్ల మీద. ఫీజు బకాయి ప్రభుత్వం నుంచి రాలేదని కాలేజీలు ఒరిజినల్స్ ఆపుతున్నాయి, ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని పిల్లలు గేటు దగ్గర నిలబడుతున్నారు. గడువు దాటితే ఆ కొలువు పోతుంది, సీనియర్ సంగతి తర్వాత. మీకు ఇట్లా జరిగి ఉంటే కాలేజీ పేరు, బకాయి ఎంత, ఆఫర్ గడువు ఏ తేదీ అన్నది ఇన్‌బాక్స్‌లో పెట్టండి. మీ పేరు బయటికి రాదు. ఐదేళ్ళకు పైగా యాప్‌ల పనిలో ఉండి మాక్ ఇంటర్వ్యూకు నెలలో రెండు గంటలివ్వగలిగినవాళ్ళు కూడా ఆండ్రాయిడా, ఐఓఎస్సా, ఫ్లట్టరా చెప్పి రాయండి. ఆదివారం లోపు జాబితా చేస్తాను.